నీటి చక్రం మళ్లీ తిరగాలంటే: ఫ్లాష్ పాఠాన్ని ఓపెన్ వెబ్ ప్రమాణాల్లోకి మార్చే సమగ్ర మార్గదర్శి

పిల్లలకు నీటి చక్రం నేర్పే ఫ్లాష్ పాఠం ఒకటి నా దగ్గర ఉంది. ఫ్లాష్ అంటే ఒకప్పుడు బ్రౌజర్‌లో కదిలే బొమ్మలు, ఆటలు నడిపిన సాఫ్ట్‌వేర్. సూర్యుణ్ణి నొక్కితే చెరువు మీంచి ఆవిరి లేచేది. మబ్బును నొక్కితే వాన కురిసేది. చివర్లో బాష్పీభవనం, సాంద్రీకరణం, అవపాతం అనే పేర్లను పట్టుకుని లాగి, బొమ్మలో వాటి చోట వాటిని పెట్టాలి. 2021 జనవరి తర్వాత ఆ పేజీ తెరిస్తే ఖాళీ పెట్టె ఒక్కటే కనిపించింది. బొమ్మలు గీసిన చెయ్యి, పాఠం చదివిన గొంతు, పిల్లలు ఎక్కడ తడబడతారో తెలిసి అమర్చిన ప్రశ్నలు అన్నీ ఆ పెట్టె వెనకే ఉండిపోయాయి.

ఆ పాఠాన్ని తిరిగి నిలబెట్టే క్రమంలో నేర్చుకున్నదంతా, చేసిన పొరపాట్లతో సహా ఇక్కడ పెడుతున్నాను. మీ దగ్గరున్నది పాఠం కావచ్చు, ఆట కావచ్చు, మ్యూజియం కోసం చేసిన బొమ్మల కథ కావచ్చు. ఒక్క సంగతి ముందే చెప్పాలి. ఫైలును ఫైలుగా మార్చాలని కూర్చుంటే ఈ పని తెమలదు. ఆ పాఠం ఏం చేసేదో గమనించి, ఆ పనులను కొత్తగా కట్టుకోవాలి. ఇక తెలుగు పాఠమైతే అన్నిటికన్నా ముందు అక్షరాల సంగతి చూడాలి. మార్పిడిలో ఎక్కువగా దెబ్బతినేవి అవే.

ప్లగిన్ ఎందుకు పోయింది

ఫ్లాష్ పుట్టింది 1996లో. ఫ్యూచర్‌వేవ్ అనే చిన్న సంస్థ తయారుచేసిన ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్‌ను ఆ ఏడాది చివర్లో మాక్రోమీడియా కొని ఫ్లాష్ అని పేరు పెట్టింది. 2005లో మాక్రోమీడియాను అడోబీ కొనేసింది. ఆ రోజుల్లో బ్రౌజర్‌కు కదిలే బొమ్మలు గీయడం, పాట వినిపించడం సరిగ్గా వచ్చేవి కావు. ఆ లోటును ఫ్లాష్ ప్లేయర్ తీర్చింది. అయితే అది బ్రౌజర్ లోపల కూర్చున్న వేరే ప్రోగ్రాము, అంటే ప్లగిన్. దాని బొమ్మలు, దాని శబ్దాలు, దాని భద్రతా లోపాలు అన్నీ దానివే. వాటిని సరిచేసే అధికారం ఒక్క కంపెనీకే ఉండేది. 2007లో వచ్చిన ఐఫోన్ దాన్ని రానివ్వలేదు. 2011 నవంబరులో ఫోన్ల కోసం ఫ్లాష్ ప్లేయర్‌ను అభివృద్ధి చేయడం ఆపేస్తున్నట్టు అడోబీయే చెప్పింది. 2017 జులైలో ముగింపు తేదీ ప్రకటించింది. 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే కంటెంట్‌ను నడపకుండా అడ్డుకుంది.

ఈలోపు బ్రౌజర్లే ఆ పనులు నేర్చుకున్నాయి. గీతలతో బొమ్మలు వర్ణించే ఎస్‌వీజీ 2001లోనే వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ సిఫారసుగా వచ్చింది. పేజీ మీద పిక్సెళ్లతో బొమ్మలు గీసే కాన్వాస్‌ను ఆపిల్ 2004లో తెచ్చింది. మూడు కొలతల బొమ్మలు చూపే వెబ్‌జీఎల్ మొదటి వెర్షన్ 2011లో, పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్5 తుది సిఫారసు 2014 అక్టోబరులో వచ్చాయి. వీటి రాతకోతలు అందరి ముందూ ఉంటాయి. ఒక బ్రౌజర్ కంపెనీ మూతపడినా మరో నాలుగు అదే ప్రమాణాన్ని చదివి అదే బొమ్మ చూపిస్తాయి. ఇంత శ్రమపడి ఇల్లు మారడానికి నాకు కనిపించిన గట్టి కారణం అదే.

మొదటి అడుగు: ఉన్నదేమిటో లెక్క తీయండి

ముందు అన్ని ఫైళ్లనూ వేరే చోట నకలు పెట్టుకోండి. అసలు ఫోల్డరును ఇక ముట్టుకోవద్దు.

రెండు రకాల ఫైళ్లు కనిపిస్తాయి. ఎస్‌డబ్ల్యూఎఫ్ అంటే వండి వడ్డించిన ఫైలు. ఎఫ్‌ఎల్‌ఏ అంటే తయారుచేసిన మనిషి దాచుకున్న మూలం. ఎఫ్‌ఎల్‌ఏ దొరికితే మీ పని సగం తగ్గినట్టే, కాబట్టి పాత సీడీలు, పాత హార్డ్‌డిస్కులు, అప్పుడు పనిచేసిన వాళ్ల ఇళ్లలోని కంప్యూటర్లు అన్నీ వెతకండి. ఫ్లాష్ సీఎస్5 నుంచి వచ్చిన ఎఫ్‌ఎల్‌ఏ ఫైలు లోపల ఉన్నది జిప్ మూటే. పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపలి బొమ్మలు, శబ్దాలు నేరుగా కనిపిస్తాయి.

ఎస్‌డబ్ల్యూఎఫ్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి మూడు అక్షరాలు ఒక విషయం చెబుతాయి. ఎఫ్‌డబ్ల్యూఎస్ అని ఉంటే కుదించని ఫైలు. సీడబ్ల్యూఎస్ అని ఉంటే జెడ్‌లిబ్‌తో, జెడ్‌డబ్ల్యూఎస్ అని ఉంటే ఎల్‌జెడ్‌ఎంఏతో కుదించిన ఫైలు. దాని తర్వాతి బైటు ఫ్లాష్ వెర్షన్ నంబరు. 8 అంతకన్నా తక్కువైతే లోపల ఉన్నది ఫ్లాష్ కోడ్ భాష అయిన యాక్షన్‌స్క్రిప్ట్ 1 లేదా 2. 9 అంతకన్నా ఎక్కువైతే యాక్షన్‌స్క్రిప్ట్ 3 కావచ్చు. ముందుముందు ఏ దారి పట్టాలో తేల్చడానికి ఈ నంబరు పనికొస్తుంది.

ప్రధాన ఫైలు పక్కనున్న చిన్న ఫైళ్లను వదిలేయకండి. చాలా పాఠాలు ప్రశ్నలను ఎక్స్‌ఎంఎల్ ఫైలు నుంచి, గొంతును ఎంపీ3 నుంచి, వీడియోను ఎఫ్‌ఎల్‌వీ నుంచి తెచ్చుకునేవి. నేను మొదటిసారి ప్రధాన ఎస్‌డబ్ల్యూఎఫ్ ఒక్కటే నకలు తీసుకున్నాను. పాఠం తెరుచుకుంది కానీ ప్రశ్నలన్నీ ఖాళీ. వాటి ఎక్స్‌ఎంఎల్ వేరే ఫోల్డరులో ఉంది.

ఇప్పుడు పాత పాఠాన్ని ఒక్కసారైనా నడిపి చూడాలి. ఇందుకోసం ఇంటర్నెట్‌లో పాత ఫ్లాష్ ప్లగిన్ వెతికి ఎక్కించుకోవద్దు. ఆ పేరుతో తిరిగే డౌన్‌లోడ్లలో వైరస్ ఉండే ప్రమాదం ఉంది, అసలు ప్లగిన్‌లోని లోపాలను సరిదిద్దే వాళ్లూ ఇక లేరు. పాత ఫ్లాష్ ఫైళ్లను ప్లగిన్ లేకుండా నడిపే రఫుల్ అనే ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్ ఉంది. రస్ట్ భాషలో రాశారు. కంప్యూటర్ మీద విడిగానూ, బ్రౌజర్‌లో వెబ్‌అసెంబ్లీగానూ నడుస్తుంది. దానిలో పాఠం తెరిచి, మొదట్నుంచి చివరి వరకు ప్రతి బటనూ నొక్కుతూ, కావాలని తప్పు జవాబులు కూడా ఇస్తూ స్క్రీన్ రికార్డు చేయండి. కొత్త పాఠం సరిగ్గా వచ్చిందో లేదో తేల్చేది ఈ రికార్డే.

రెండో అడుగు: ఏది ఉంచాలి, ఏది వదలాలి

లోపలికి రాగానే తిరిగే లోగో, ఎగిరొచ్చే పేజీ శీర్షిక లాంటివి వదిలేయండి. ఎవరూ వాటి కోసం రారు. చేతి ప్రమేయం ఏమీ లేకుండా మొదట్నుంచి చివరి వరకు సాగే కథ అయితే వీడియోగా మార్చేయండి. మిగిలినదాన్ని, అంటే మనిషి ముట్టుకుంటే స్పందించేదాన్ని, మూడు దారుల్లో తేవచ్చు.

మొదటిది రఫుల్‌నే పేజీలో పెట్టడం. స్క్రిప్టు ఒకటి చేరిస్తే పేజీలోని పాత ఎంబెడ్, ఆబ్జెక్ట్ ట్యాగులను అది గుర్తుపట్టి తానే నడుపుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరు నుంచి ఫ్లాష్ ఆటలను, యానిమేషన్లను ఇలాగే చూపిస్తోంది. యాక్షన్‌స్క్రిప్ట్ 1, 2లతో చేసినవి బాగా నడుస్తాయి, 3తో చేసినవాటిని విడివిడిగా పరీక్షించాలి. భద్రపరచడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. కానీ లోపలి అక్షరాలు వెతికితే దొరకవు, తెర మీది మాటలను చూపులేని పిల్లలకు చదివి వినిపించే స్క్రీన్ రీడరుకు పాఠం అందదు, వేలి మొనకు చాలని చిన్న బటన్లు చిన్నగానే ఉంటాయి.

రెండోది అడోబీ యానిమేట్. ఫ్లాష్ ప్రొఫెషనల్‌కే 2016లో పెట్టిన కొత్త పేరు ఇది. ఎఫ్‌ఎల్‌ఏను అందులో తెరిచి హెచ్‌టీఎంఎల్5 కాన్వాస్ పత్రంగా మార్చవచ్చు. బొమ్మలు, ట్వీన్లు (రెండు భంగిమల మధ్య ఫ్లాష్ తానే నింపే కదలికలు) చాలావరకు వస్తాయి. కోడ్ రాదు. పాత యాక్షన్‌స్క్రిప్ట్‌ను వ్యాఖ్యలుగా పక్కన పెట్టేస్తుంది, మీరే జావాస్క్రిప్ట్‌లో తిరిగి రాయాలి. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ఫ్లాష్‌లో ఫ్రేముల లెక్క 1 నుంచి మొదలవుతుంది, యానిమేట్ వాడే క్రియేట్‌జేఎస్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో 0 నుంచి. పాత కోడ్‌లో పదో ఫ్రేముకు వెళ్లమని ఉంటే కొత్తదానిలో తొమ్మిది అని రాయాలి. అంకెలు వదిలేసి ఫ్రేముకు పెట్టిన పేరు వాడితే ఈ గొడవే ఉండదు.

మూడోది పాఠాన్ని విడదీసి ఎస్‌వీజీ, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్, దాన్ని నడిపించే జావాస్క్రిప్ట్‌లతో కొత్తగా కట్టడం. సమయం ఎక్కువ పడుతుంది. పిల్లలు ఇప్పటికీ వాడుతున్న పాఠమైతే నేను ఈ దారే పట్టమంటాను, ఈ మార్గదర్శి మిగతా భాగమంతా దాని గురించే. ముప్పై పాఠాలుంటే అన్నిటికీ ఇది కుదరదు. ఎక్కువగా వాడే మూడు నాలుగు పాఠాలకు ఈ దారి, మిగతావాటికి రఫుల్ అని పంచుకోవడం మేలు.

మూడో అడుగు: బొమ్మలను బయటికి తీయడం

ఎఫ్‌ఎల్‌ఏ లేకపోయినా ఎస్‌డబ్ల్యూఎఫ్ నుంచి సరుకు తీయవచ్చు. జేపీఈఎక్స్ఎస్ ఫ్రీ ఫ్లాష్ డీకంపైలర్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ పరికరం గీతల బొమ్మలను ఎస్‌వీజీగా, ఫొటోలను వాటి రూపంలోనే, శబ్దాలను ఎంపీ3 లేదా వేవ్‌గా, కోడ్‌ను చదవగలిగే యాక్షన్‌స్క్రిప్ట్‌గా ఇస్తుంది. పాఠం మీది కాకపోతే ముందు హక్కుదారు అనుమతి తీసుకోండి. ఫైలు తెరవగలగడం, దాన్ని తిరిగి ప్రచురించే హక్కు రెండూ వేర్వేరు.

బయటికి వచ్చిన బొమ్మలకు పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. రికార్డు చూస్తూ ప్రతిదానికీ పేరు పెట్టండి: సూర్యుడు, చెరువు, మబ్బు-పెద్దది, మబ్బు-చిన్నది, చుక్క. విసుగు పుట్టించే పనే, కానీ వాయిదా వేస్తే తర్వాత రెట్టింపు పడుతుంది.

ఫ్లాష్ లోపల కొలతలు ట్విప్పుల్లో ఉంటాయి, 20 ట్విప్పులు ఒక పిక్సెల్. ఎగుమతి చేసే పరికరం ఆ లెక్క చూసుకుంటుంది గానీ, కోడ్‌లోనో కాగితం మీదో ఎక్కడైనా 11000 లాంటి వింత అంకె కనిపిస్తే కంగారు పడకండి, 20తో భాగించండి. ఫ్లాష్ వేదిక (బొమ్మ కనిపించే చట్రం) మామూలు కొలత 550 పిక్సెళ్ల వెడల్పు, 400 పిక్సెళ్ల ఎత్తు. కొత్త ఎస్‌వీజీకి వ్యూబాక్స్‌గా (లోపలి కొలతల చట్రంగా) అదే ఇచ్చి, వెడల్పు నూరు శాతం అని సీఎస్‌ఎస్‌లో చెబితే, పాత స్థానాల అంకెలన్నీ యథాతథంగా పనికొస్తాయి, బొమ్మ మాత్రం ఫోనుకూ ప్రొజెక్టరుకూ తానే సర్దుకుంటుంది. తర్వాత ఎస్‌వీజీలను దిద్దే ఇంక్‌స్కేప్ ప్రోగ్రాములో తెరిచి, కలిసి కదలాల్సిన ముక్కలను ఒక గుంపుగా కట్టండి. ఫ్లాష్‌లో విడిగా కదిలే ముక్క అయిన మూవీ క్లిప్ చేసిన పని ఇక్కడ ఆ గుంపు చేస్తుంది.

నాలుగో అడుగు: తెలుగు అక్షరాలు

ఇక్కడ తీరిగ్గా కూర్చోవాలి.

మొదటి ఇరవై లేబుళ్లు బయటికి తీసి చూసినప్పుడు తెలుగు ఒక్క ముక్కా లేదు, అర్థం లేని రోమన్ అక్షరాలు, గుర్తులు ఉన్నాయి. కారణం తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. గుణింతాలను, ఒత్తులను సరైన చోట కూర్చగల శక్తి పాత ఫ్లాష్ ప్లేయర్‌కు లేదు. 2008లో వచ్చిన పదో వెర్షన్‌తో గానీ అలాంటి లిపుల కోసం కొత్త అక్షర యంత్రాంగం రాలేదు. అందుకని అప్పటి వాళ్లు డీటీపీలో వాడే పాత ఫాంట్లతో పని గడిపారు. వాటిలో ఇంగ్లిష్ అక్షరపు కోడ్ స్థానంలో తెలుగు ముక్క బొమ్మ కూర్చుని ఉంటుంది. ఫాంటు ఉన్నంతసేపూ తెలుగులా కనిపిస్తుంది, ఫాంటు పోతే చెత్తగా మారుతుంది. మరికొందరు అక్షరాలను విడగొట్టి పూర్తిగా గీతలుగానే మార్చేశారు. అప్పుడు బయటికి వచ్చేది అక్షరం కాదు, దాని బొమ్మ.

పాత ఫాంటు పాఠాలను, ప్రతి భాష అక్షరాలకూ సొంత కోడ్లున్న యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. పేజీలకు పేజీలు ఉంటే వాడండి, కానీ ఒక్కో ఫాంటు కుటుంబానికి ఒక్కో పట్టిక ఉంటుందని మరవకండి. మార్చాక మనిషి కంటితో చదవాల్సిందే. ఎక్కువగా తప్పేవి రెండేసి ఒత్తులున్న మాటలు, వట్రుసుడి, క్రారవడి, నకారపొల్లు. లేబుళ్లు యాభై అరవై ఉంటే మాత్రం రికార్డు చూస్తూ కొత్తగా టైపు చేయడమే త్వరగా తెమిలే పని. నేను అదే చేశాను, ఒక సాయంత్రం పట్టింది.

టైపు చేసిన మాటలను కోడ్ మధ్యలో చల్లవద్దు. యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను దాచే పద్ధతి) ఒక జేసన్ ఫైలు, అంటే పేరూ దాని మాటా జతలుగా రాసిన ఫైలు, పెట్టుకుని అన్ని మాటలూ అందులో ఉంచండి. కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయపు ఫెట్ ప్రాజెక్టు దీనికి మంచి ఉదాహరణ. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు తన సైన్స్ సిమ్యులేషన్లను మొదట జావాలో, ఫ్లాష్‌లో చేసి, తర్వాత హెచ్‌టీఎంఎల్5లో తిరిగి కట్టుకుంది. మాటలు కోడ్ నుంచి వేరుగా ఉండడం వల్ల ప్రోగ్రామింగ్ రాని ఉపాధ్యాయులూ అనువదించగలుగుతున్నారు. తెలుగులోకి వచ్చిన సిమ్యులేషన్లూ ఉన్నాయి. మీ పాఠంలోనూ తప్పు పట్టుకున్న తెలుగు మాస్టారు జేసన్ ఫైలు ఒక్కటే తెరిచి దిద్దగలగాలి.

ఫాంటు సంగతి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, మల్లన్న, సూరన్న లాంటివి ఓపెన్ లైసెన్సుతో దొరుకుతాయి. చిన్న లేబుళ్లకు నేను నోటోనో మండలినో వాడతాను, శీర్షికకు రామభద్ర బాగుంటుంది. వోఫ్2 అనే వెబ్ ఫాంటు రూపంలో మీ ఫోల్డరులోనే పెట్టుకోండి, బడిలో ఇంటర్నెట్ లేకపోయినా అక్షరం చెడదు. సైజు తగ్గించడానికి ఫాంటును కత్తిరిస్తే ఒత్తులు కూర్చే పట్టికలు కూడా తెగిపోయే ప్రమాదం ఉంది. కత్తిరించాక స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, కృత్రిమం, జ్ఞానం అనే మాటలు రాసి చూడండి. అన్నీ నిలబడితే ఆ ఫాంటు వాడుకోవచ్చు.

పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్ ట్యాగులో చెప్పండి. స్క్రీన్ రీడరు తెలుగు గొంతు ఎంచుకునేది దాన్ని చూసే. వరుసల మధ్య ఎడం అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లయినా ఇవ్వండి. ఇంగ్లిష్ కోసం పెట్టిన ఎడంలో మన ఒత్తులు కింది వరుస గుడిని గుద్దుకుంటాయి. కాన్వాస్ మీద అక్షరాలు రాసేటట్టయితే ఫాంటు దిగేదాకా ఆగాలి. బ్రౌజర్ ఇచ్చే డాక్యుమెంట్ ఫాంట్స్ రెడీ అన్న సంకేతం వచ్చాకే గీయండి, లేకపోతే మొదటిసారి వేరే ఫాంటులో గీసేసి అలాగే ఉండిపోతుంది.

ఇంకొకటి, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పాత పాఠంలో మాటలు ఒక్కో అక్షరంగా టైపు అవుతున్నట్టు వచ్చేవి. దాన్ని జావాస్క్రిప్ట్‌లో మామూలుగా రాస్తే బాష్పీభవనం అనే మాట మొదట బ, తర్వాత బా, తర్వాత బాష, ఆపైన పొల్లుతో బాష్ అయి, అప్పుడు గానీ ప దాని కిందికి చేరదు. ఒక్కో అడుగులో మాట ఆకారమే మారిపోతుంది. చదవడం నేర్చుకుంటున్న పిల్లకు ఇది గందరగోళం. కంప్యూటరు లెక్కలో ఒత్తు, గుణింతం, పొల్లు వేర్వేరు కోడ్లు, మన కంటికి అంతా కలిపి ఒక్క అక్షరం. ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) అనే బ్రౌజర్ సదుపాయం మాటను అక్షరాల లెక్కన విడగొడుతుంది. అయితే ఒత్తుతో కలిసిన సంయుక్తాక్షరాన్ని మొత్తం ఒక్కటిగా చూడాలన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తోనే వచ్చింది. పాత బ్రౌజర్లలో క్ష అనేది క్, ష అని రెండుగా విడిపోవచ్చు. నేను చివరికి అక్షరాలను వదిలి పదం తర్వాత పదం వచ్చేలా చేశాను. పిల్లలు పదాన్ని పదంగానే చదువుతారు, పాఠానికి అదే మేలయింది. అక్షరాల మధ్య ఎడం పెంచే సీఎస్‌ఎస్ గుణాన్నీ తెలుగు మీద వాడకపోవడమే మంచిది.

ఐదో అడుగు: ఏ పనికి ఏ పనిముట్టు

ఒక పాఠానికి ఒకే సాంకేతికత వాడాలన్న నియమం లేదు. నీటి చక్రంలో కొండ, చెరువు, సూర్యుడు, మబ్బులు ఎస్‌వీజీ. ఎంత పెద్దది చేసినా గీత చెదరదు, ప్రతి బొమ్మనూ విడిగా నొక్కవచ్చు. పేర్లున్న పలకలు మామూలు హెచ్‌టీఎంఎల్ బటన్లు. వాన మాత్రం కాన్వాస్. రెండు వందల చుక్కలను రెండు వందల ఎస్‌వీజీ ముక్కలుగా కదిపితే తక్కువ ధర ఫోను ఆయాసపడుతుంది, కాన్వాస్‌కు అది లెక్కలోకి రాదు. కాన్వాస్‌కు స్క్రీన్ పిక్సెల్ నిష్పత్తి చెప్పకపోతే చుక్కలు మసకగా వస్తాయి, ఆ నిష్పత్తితో హెచ్చించి గీయండి. మూడు కొలతల నమూనా ఉంటే తప్ప వెబ్‌జీఎల్ జోలికి పోనక్కర్లేదు.

ఆరో అడుగు: ఫ్రేముల్ని కాలంగా మార్చడం

ఫ్లాష్ ఆలోచన అంతా ఫ్రేముల్లో ఉంటుంది. బ్రౌజర్‌లో కాలాన్ని నమ్మాలి. సెకనుకు 24 ఫ్రేముల పాఠంలో సూర్యుడు 48 ఫ్రేముల్లో పైకి వస్తే అది 2 సెకన్లు. ముందుగా పాత కోడ్‌లోని ఫ్రేము అంకెలన్నిటినీ ఇలా సెకన్లలోకి మార్చుకుని ఒక పట్టిక రాసుకోండి.

రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్ అనే ఫంక్షను స్క్రీను తాజా అయిన ప్రతిసారీ మీ కోడ్‌ను పిలుస్తుంది. పిలిచినప్పుడల్లా ఒక ఫ్రేము ముందుకు జరుపుదాం అనుకుంటే, సెకనుకు 60 సార్లు తాజా అయ్యే స్క్రీను మీద సూర్యుడు 0.8 సెకనులో, 120 సార్లు తాజా అయ్యే ఫోను మీద 0.4 సెకనులో ఎగిరి కూర్చుంటాడు. కాబట్టి అది ఇచ్చే సమయాన్ని తీసుకుని, గతసారి నుంచి ఎంత కాలం గడిచిందో లెక్కవేసి, అంత మేరకే కదపండి. ఇంకో జాగ్రత్త ఉంది. పిల్లలు వేరే ట్యాబుకు వెళ్తే ఈ పిలుపులు ఆగిపోతాయి. తిరిగి రాగానే పోయిన రెండు నిమిషాలూ ఒక్క గెంతులో వచ్చిపడతాయి. గడిచిన కాలం 100 మిల్లీసెకన్లు దాటితే 100గానే లెక్కించమని ఒక గీత గీయండి.

ఒక చోటి నుంచి మరో చోటికి జరగడం, మెల్లగా మాయమవడం లాంటి చిన్న కదలికలకు ఇంత శ్రమ అక్కర్లేదు. సీఎస్‌ఎస్ యానిమేషన్ చాలు. స్థానం మార్చడానికి ట్రాన్స్‌ఫార్మ్‌ను, మాయం చేయడానికి ఒపాసిటీని వాడితే పాత ఫోన్లలోనూ నున్నగా సాగుతుంది. ఫ్లాష్‌లో ఈజ్ విలువ ప్లస్‌లో ఉంటే వేగంగా మొదలై నెమ్మదించేది, దానికి ఈజ్ అవుట్ పెట్టండి. మైనస్ అయితే ఈజ్ ఇన్.

తిరిగే బొమ్మలతో తప్పకుండా ఒక చిక్కు వస్తుంది. సూర్యుణ్ణి తన చుట్టూ తాను తిప్పబోతే వేదిక ఎడమ పై మూల చుట్టూ పెద్ద గుండ్రంగా తిరుగుతాడు. ఎస్‌వీజీ ముక్కలకు తిరిగే కేంద్రం మామూలుగా ఆ మూలే. ట్రాన్స్‌ఫార్మ్ బాక్స్‌ను ఫిల్ బాక్స్ అని, ట్రాన్స్‌ఫార్మ్ ఆరిజిన్‌ను సెంటర్ అని చెబితే సరిపోతుంది.

ఒక ఆకారం మరో ఆకారంగా కరిగిపోయే షేప్ ట్వీన్లు ఉంటే, రెండు పాత్‌లలో (ఆకారాలను గీసే గీతల్లో) ఒకే వరుసలో ఒకే రకం ఆదేశాలు ఉండేలా తిరిగి గీయాలి. నేను ఆవిరి మబ్బుగా మారే చోట ఆ శ్రమ పడకుండా ఒకటి మాయమవుతుండగా రెండోది వచ్చేలా చేశాను. తేడా కనిపెట్టిన వాళ్లు లేరు.

అన్నిటికన్నా ముఖ్యం, ఫలానా ఫ్రేముకు వెళ్లి ఆడు అనే ఆదేశాలను అలాగే అనువదించకండి. పాఠానికి ఉన్న స్థితులను కాగితం మీద రాయండి: మొదలు, ఎండ, ఆవిరి, మబ్బు, వాన, పరీక్ష, ఫలితం. ఏ స్థితిలో ఏ బటన్ నొక్కితే ఏ స్థితికి వెళ్తుందో బాణాలు గీయండి. కోడ్‌లో ఒకే ఒక చరరాశి ప్రస్తుత స్థితిని పట్టుకుంటుంది, బొమ్మలన్నీ దాన్ని చూసి నడుచుకుంటాయి. మా పాత పాఠంలో వాన మధ్యలో సూర్యుణ్ణి నొక్కితే రెండు గొంతులు ఒకేసారి మాట్లాడేవి. స్థితులు గీసిన రోజే ఆ తప్పు పోయింది.

ఏడో అడుగు: వేలు, కీబోర్డు, చూపు

పాత పాఠం మౌస్ కోసం కట్టినది. మౌస్ మీదికి వస్తే వెలిగే సూచనలు ఫోనులో ఎప్పటికీ వెలగవు, వాటిని నొక్కితే కనిపించేలా మార్చండి. లాగడానికి పాయింటర్ ఈవెంట్స్ వాడితే మౌస్, వేలు, స్టైలస్ మూడింటికీ ఒకే కోడ్ సరిపోతుంది. వేలు పెట్టగానే సెట్ పాయింటర్ క్యాప్చర్ పిలవండి, లేకపోతే వేలు వేగంగా జరిగినప్పుడు పలక మధ్యలో జారిపోతుంది. లాగే పలకలకు టచ్ యాక్షన్ నన్ అని సీఎస్‌ఎస్‌లో పెట్టకపోతే పలకకు బదులు పేజీ జరుగుతుంది.

లాగడం అందరికీ చేతకాదు. వేళ్లు వణికే పిల్లలు ఉంటారు, కీబోర్డు మీదే ఆధారపడే వాళ్లు ఉంటారు. వెబ్ పేజీలు అందరికీ అందేలా చూసే డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం 2023 అక్టోబరులో వచ్చింది. లాగడం తప్పనిసరైతే తప్ప, లాగే ప్రతి పనికీ లాగకుండా చేసే దారి కూడా ఉండాలంటుంది అది. పలకను ఒకసారి నొక్కి ఎంచుకో, బొమ్మలో చోటును ఒకసారి నొక్కి పెట్టు అన్న పద్ధతి చేర్చండి. పలకలూ చోట్లూ నిజమైన బటన్లయితే ట్యాబ్, ఎంటర్‌లతో కూడా అదే పని జరుగుతుంది. జవాబు సరైనదా కాదా అన్నది రంగుతో మాత్రమే చెప్పకుండా మాటల్లో రాసి, ఆ మాట ఉన్న చోటుకు అరియా లైవ్ గుణం ఇస్తే స్క్రీన్ రీడరు చదివి వినిపిస్తుంది. కాన్వాస్ మీద గీసినది దానికి అసలు కనిపించదు, అందుకే వాన లాంటి అలంకారానికే దాన్ని పరిమితం చేశాను. కదలికలు తగ్గించమని ఫోను సెట్టింగుల్లో పెట్టుకున్న వాళ్ల కోసం ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్ అనే సీఎస్‌ఎస్ షరతు చూసి, మెరుపును, తిరుగుళ్లను ఆపేయండి.

ఎనిమిదో అడుగు: గొంతు

పేజీ తెరవగానే మాట్లాడే పాఠాలను ఇప్పటి బ్రౌజర్లు మాట్లాడనివ్వవు. క్రోమ్ 2018 నుంచి ఈ నియమం పాటిస్తోంది. మనిషి ఒకసారి నొక్కాలి. మొదలుపెట్టు అని పెద్ద బటన్ పెట్టి, దాన్ని నొక్కిన క్షణంలోనే శబ్దం మొదలుపెట్టండి. గొంతుకు తగ్గట్టు బొమ్మలు కదలాలంటే గోడ గడియారాన్ని నమ్మకుండా ఆడియో ప్రస్తుతం ఎక్కడుందో అడిగి దాని ప్రకారం కదపండి. ఫోను తడబడినా రెండూ కలిసే తడబడతాయి. చదివిన మాటలను కింద వరుసగా కూడా చూపండి. వినికిడి లేని పిల్లలకే కాక, యాభై మంది ఉన్న తరగతిలో వెనక బెంచీకి కూడా అవి కావాలి.

తొమ్మిదో అడుగు: గుర్తుంచుకోవడం, ఇంటర్నెట్ లేకుండా నడవడం

ఫ్లాష్ తన షేర్డ్ ఆబ్జెక్ట్ అనే ఫైలులో దాచిన మార్కులు ఇప్పుడు బ్రౌజర్ ఇచ్చే లోకల్ స్టోరేజ్‌లో దాచవచ్చు. అది పనిచేయని సందర్భాలుంటాయి, కాబట్టి దాచలేకపోయినా పాఠం ఆగకుండా రాయండి. పాఠం స్కార్మ్ (ఆన్‌లైన్ పాఠాల ప్రమాణం) మూటగా ఎల్‌ఎంఎస్‌లో, అంటే పాఠాలనూ మార్కులనూ చూసుకునే వ్యవస్థలో నడిచేదైతే, పూర్వం ఎక్స్‌టర్నల్ ఇంటర్‌ఫేస్ ద్వారా చుట్టుతిరిగి వెళ్లిన పిలుపులు ఇప్పుడు జావాస్క్రిప్ట్ నుంచి నేరుగా వెళ్తాయి, పని తేలికవుతుంది.

పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి బడి కంప్యూటర్లో నడపాల్సిన పాఠాలు మన దగ్గర ఎక్కువ. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. నా కంప్యూటర్లో లోకల్ సర్వరు మీద చక్కగా నడిచిన పాఠం, బడిలో ఫైలును రెండుసార్లు నొక్కి తెరిస్తే తెల్ల తెర చూపింది. అలా తెరిచినప్పుడు జేసన్‌ను ఫెచ్‌తో తెచ్చుకోవడాన్ని, జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లను ఎక్కించుకోవడాన్ని భద్రత కోసం బ్రౌజర్లు అడ్డుకుంటాయి. పరిష్కారం, చివర్లో అన్నిటినీ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలులోకి కుట్టేయడం. మాటల జేసన్, ఎస్‌వీజీ, కోడ్ నేరుగా లోపలికి, ఫాంటు, శబ్దం బేస్64 రూపంలో, అంటే అక్షరాల వరుసగా మార్చి. ఫెట్ సిమ్యులేషన్లు కూడా డౌన్‌లోడ్ చేస్తే ఇలా ఒకే ఫైలుగా వస్తాయి. ఫైళ్లను కలిపి కట్టే వీట్ (Vite) లాంటి బిల్డ్ పరికరానికి తగిన ప్లగిన్ చేర్చినా ఈ పని అవుతుంది, చిన్న స్క్రిప్టు మీరే రాసుకున్నా అవుతుంది. పని చేసేటప్పుడు ఫైళ్లు విడివిడిగానే ఉంచుకోండి, పంచేటప్పుడే కుట్టండి.

పదో అడుగు: పరీక్ష

రికార్డు వీడియోను ఒక పక్క, కొత్త పాఠాన్ని మరో పక్క పెట్టి స్థితి తర్వాత స్థితి పోల్చండి. మౌస్ తీసేసి కీబోర్డుతో మొత్తం పాఠం పూర్తి చేయండి. తర్వాత ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడరు ఆన్ చేసి, కళ్లు మూసుకుని మళ్లీ చేయండి. మీ ఇంట్లో దొరికే అన్నిటికన్నా పాత ఫోనులో నడిపి చూడండి. అది దొరకకపోతే క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో ప్రాసెసర్ వేగాన్ని ఆరో వంతుకు తగ్గించే సదుపాయం వాడండి.

ఆ తర్వాత పాఠం తెలియని ఒక పిల్ల చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. మా పాఠాన్ని మొదట ముట్టుకున్న పాప సూర్యుణ్ణి నొక్కలేదు, చెరువును నొక్కింది. ఆవిరి వచ్చేది చెరువు నుంచే కదా. పాత పాఠంలో చెరువుకు బటనే లేదు. ఇప్పుడు చెరువును నొక్కినా, ముందు నీరు వేడెక్కాలి, సూర్యుణ్ణి పిలువు అని గొంతు చెబుతుంది.

పంచే ముందు ఫోల్డరులో ఇవన్నీ ఉన్నాయో చూసుకోండి: ముట్టుకోని పాత ఎస్‌డబ్ల్యూఎఫ్, దొరికితే ఎఫ్‌ఎల్‌ఏ, స్క్రీన్ రికార్డు, పేర్లు పెట్టిన ఎస్‌వీజీలు, మాటల జేసన్, ఫాంటు దాని లైసెన్సుతో సహా, స్థితుల బాణాల కాగితం ఫొటో, కుట్టిన ఒకే ఫైలు. వాటితో పాటు మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి. అందులో బొమ్మలు గీసినవారి పేరు, గొంతు ఇచ్చినవారి పేరు, పాఠం తయారైన ఏడాది, మార్చిన ఏడాది, ఏ అనుమతితో మార్చారో తెలుగులో రాసి పెట్టండి.